దాటేసిన వార్త

గొడుగుల కార్ఖానాలో మిషన్లన్నీ కింది అంతస్తులో ఉంటాయి. పైన ఉన్నది చేతిపని గది. కిటికీ వైపు కూర్చున్నవాళ్ళు గుడ్డను ఊచలకు సూదీ దారంతో బంధిస్తారు. మధ్య బల్లల వాళ్ళు ఊచల కొసలకు చిన్న చిన్న టోపీలు తొడుగుతారు. తలుపు దగ్గరివాళ్ళు పిడులు బిగిస్తారు. అందరి ఒళ్ళోనూ తెరిచిన నల్ల గొడుగే. కొత్తవాళ్ళెవరైనా తలుపు తోసుకుని వస్తే ముందు మనిషి కనబడదు, గొడుగులే కనబడతాయి. వాటి వెనక నుంచి ఒక దగ్గో, ఒక నవ్వో వినబడ్డాక గాని ఇంతమంది ఉన్నారని తెలియదు.

ఆ గదికో పద్ధతి ఉంది. పొద్దుటి టీ అయ్యాక ఒకరు పేపరు గట్టిగా చదవాలి, మిగతావాళ్ళు చేతులు ఆపకుండా వినాలి. చదివే మనిషి వాటా గొడుగుల్ని తక్కినవాళ్ళు తలా కాసిని పంచుకుని పూర్తిచేస్తారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. మేస్త్రి కూడా కాదనడు. పేపరు నడిచినంతసేపూ పోట్లాటలు ఉండవనీ, కుట్లు దగ్గర దగ్గరగా పడతాయనీ అతను ఎప్పుడో కనిపెట్టాడు.

ఇప్పుడు చదివే మనిషి పేపరమ్మ. అసలు పేరుతో జీతాల రోజున తప్ప ఎవరికీ పనిలేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి; అయినా గొంతు మాత్రం గుండ్రంగా, ప్రతి అక్షరం విడివిడిగా పలుకుతుంది. ఒక్కటే ఇబ్బంది. ఆమెకు ప్రతి వార్తా తన ఇంటి వార్తే. ఎక్కడో బస్సు బోల్తా పడిందని చదివితే తన కూతురు ఏ బస్సెక్కిందో గుర్తుచేసుకోవడానికి ఒక్క క్షణం ఆగుతుంది. కొత్త జ్వరం వచ్చిందని రాస్తే సాయంత్రానికి కూతురి నుదురు పదిసార్లు తాకి చూస్తుంది. నిర్మలంగా ఉన్న ఆకాశం కింద కూడా ఆ పిల్ల చేతిలో గొడుగు పెట్టి పంపుతుంది.

“ఏం పేపరమ్మా, ఇంకా గొంతు సవరించుకుంటున్నావు, కచేరీ ఏమైనా ఉందా?” అంది టోపీల బల్ల మీది చిన్నపిల్ల. దాన్ని అందరూ గలగల అంటారు.

“ఉండవే, నీళ్ళు తాగనీ.”

“ఇవాళ బుధవారం. ఏడుపు పెట్టె ఉంటుంది, మర్చిపోకు,” అంది కిటికీ వైపు నుంచి పెద్దమ్మ. ఆ గదిలో అందరికన్నా పాత మనిషి ఆవిడే.

ఏడుపు పెట్టె అంటే పేపరు వాళ్ళు వారానికొకసారి విదేశాల పేజీలో చుట్టూ గీత గీసి వేసే చోటు. పైన ‘లోకంలో మనుషులు’ అని ఉంటుంది. ఏ దేశంలో ఎవర్ని విచారణ లేకుండా జైల్లో పెట్టారు, ఎక్కడ కూలీలకు జీతాలు ఎగ్గొట్టారు, ఎక్కడ ఆడపిల్లల్ని బడికి వెళ్ళనివ్వడం లేదు, ఇలాంటివి. పేరు పెట్టింది గలగల. “దాని బదులు వంటల పేజీ చదవచ్చు కదా, పొద్దున్నే ఈ ఏడుపెందుకు?” అని అది వారం వారం అడుగుతుంది. పెద్దమ్మ వారం వారం ఒకటే చెబుతుంది.

“మనం సమ్మె చేసి గేటు బయట ఎండలో కూర్చున్నప్పుడు, మన మొహం కూడా ఎరగనివాళ్ళు ఎక్కడో మన గురించి చదివి కార్డులు రాశారే. వాళ్ళు కూడా మనకెందుకు ఈ ఏడుపు అనుకుంటే? నోరు మూసుకుని విను.”

పేపరమ్మ మొదటి పేజీ చదివింది. ధరలు చదివింది. తర్వాత పెట్టెలోకి వచ్చింది. ఒక దేశంలో పత్రిక నడిపే మనిషిని పట్టుకుపోయి ఏడాదైనా కోర్టు ముందుకు తేలేదట. చదివింది. ఇంకో దేశంలో గనిలోకి దిగేది లేదన్న కూలీల ఇళ్ళకు నీళ్ళు కట్టేశారట. “నీళ్ళా! చేతులు పడిపోను,” అని ఎవరో తిట్టారు. చదివింది.

గట్టిగా చదివేవాళ్ళకు ఒక విద్య అలవాటవుతుంది. నోరు ఒక వాక్యంలో ఉండగానే కన్ను కింది వాక్యంలోకి దిగిపోతుంది. ఆమె కన్ను అలాగే ముందుకు పోయి మూడో వార్త మీద ఆగింది. సముద్రం అవతలి దేశం పేరు. ఆ గదిలో దాన్నెవరూ పేరుతో పిలవరు, మేడల దేశం అంటారు.

ఇళ్ళల్లో పనికని వెళ్ళిన ఆడపిల్లలు. దిగగానే యజమానులు పాస్‌పోర్టు లాగేసుకోవడం. బయట నుంచి తాళం. ఫోను ఇవ్వకపోవడం. పారిపోతే దొంగతనం కేసు. మూడో అంతస్తు కిటికీ నుంచి దూకి నడుము విరిగిన పిల్ల, ఇరవై మూడేళ్ళది.

పేపరమ్మ తలెత్తింది. తలుపు దగ్గర పిడులక్క గొడుగు వెనక కూనిరాగం తీస్తోంది. పిడి తిప్పి బిగించే ప్రతిసారీ ఆ రాగం కాస్త పైకి లేస్తోంది. వారం రోజులుగా అదే రాగం. ఆవిడ కూతురు శనివారం సాయంత్రం మేడల దేశానికి వెళుతోంది.

ఈ మాటలు ఇప్పుడు గట్టిగా అంటే ఏమవుతుంది? అక్క చేతిలో పిడి జారిపడుతుంది. ఇంతమందిలో ఏడుస్తుంది. వెళ్ళబోయే పిల్లకు అపశకునంలా ఈ కీడు మాట నేనే ఎత్తాలా? సాయంత్రం బస్సులో, పక్కన కూర్చుని, మెల్లగా చెబుదాం. ఇవన్నీ ఆమె మనసులో అనుకున్నవి. అనుకోనిది ఇంకొకటి అడుగున ఉంది. ఆ పిల్లను పంపుతున్న ఏజెంటు మొదట వచ్చింది పేపరమ్మ ఇంటికి. మందుల కొట్లో పనిచేసే ఆమె కూతుర్ని చూసి, ఇలాంటి పిల్లలే కావాలన్నాడు. ఆమెకు వాడు గుమ్మంలోంచి కదిలితే చాలనిపించి, “పక్కవీధిలో మా అక్క ఉంది, వాళ్ళ అమ్మాయి ఖాళీగానే ఉంది,” అని చేయి చూపించింది.

“తర్వాత?” అంది పెద్దమ్మ.

“అంతేనమ్మా, ఈ వారానికి అయిపోయింది,” అంది పేపరమ్మ. “వాతావరణం. ఉత్తరం వైపు నుంచి మబ్బులు...”

మబ్బుల గురించి రెండుసార్లు చదివింది. కూనిరాగం మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ మొదలైంది.

*

ఆ సాయంత్రం బస్సులో చెప్పడం కుదరలేదు, నిలబడ్డానికే చోటు లేదు. మర్నాడు సాయంత్రం చోటు దొరికింది గాని పిడులక్క ఇంటికి కాదు, బజారుకు లాక్కుపోయింది. చక్రాల పెట్టె కొనాలట.

“నువ్వు చూస్తే గాని నాకు ధీమా ఉండదే. నీకు ప్రతిదాంట్లోనూ లోపం కనబడుతుంది కదా, అలాంటి మనిషే కావాలి,” అని నవ్వింది.

కొట్లో ఆవిడ పెట్టెల జిప్పులన్నీ లాగి చూసింది. చక్రాలు నేల మీద ఇటూ అటూ తోసింది. తాళం రెండుసార్లు వేసి తీసింది. పిడి పైకి లాగి, ఊపి, పెదవి విరిచింది. “దీని పిడి మేకు వదులుగా ఉందయ్యా. నేను బిగించేవి వానకూ గాలికీ ఊడవు. నువ్వు అమ్మేది కొట్లోనే ఊగుతోంది.”

కొట్టతను నవ్వి ఇంకోటి తెచ్చాడు.

“అక్కా,” అంది పేపరమ్మ, “ఆ ఇల్లు ఎలాంటిదో, ఆ మనుషులు ఎలాంటివాళ్ళో...”

“పెద్ద ఇల్లట. ముసలావిడను కనిపెట్టుకుని ఉండడమేనట. లిఫ్టు ఉందట.”

“ఎన్నో అంతస్తు?”

“ఏమో, ఎన్నోదైతే ఏం? మెట్లెక్కే పని లేదు కదా.” పిడులక్క పెట్టె మూత వేసి దాని మీద అరచేయి ఆనించింది. “ఇదంతా నీ చలవే. ఆ రోజు వాణ్ణి మా ఇంటికి పంపకపోతే ఈ పిల్లను నేను ఏ ఒడ్డుకు చేర్చేదాన్ని? నీ చెయ్యి చల్లనిదే.”

చల్లని చేయి చెమటతో తడిసి ఉంది. పేపరమ్మ దాన్ని సంచీ కింద దాచుకుంది. వార్త నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడే కొట్టతను ఏ రంగు కావాలని అడిగాడు. ఎర్రదా, నీలందా అన్న మాటలో పడి పిడులక్క తిరిగిపోయింది. పేపరమ్మకు పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. అలా అయినందుకు తనను తాను తిట్టుకుంది. అయినా ఆ హాయి మాత్రం నిజం.

శుక్రవారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది. ఇవాళ చెప్పేస్తాను అని దారి పొడుగునా నోట్లో నానబెట్టుకుంటూ వెళ్ళింది. ఒకే గది, అందులోనే పొయ్యి, అందులోనే మంచం. మంచం మీద నీలం పెట్టె నోరు తెరుచుకుని ఉంది. పిడులక్క నీళ్ళకని వీధి చివరికి వెళ్ళింది. పిల్ల ఒక్కతే చొక్కాలు చుట్టలు చుట్టి పెట్టెలో సర్దుతోంది. చిన్నప్పుడు పేపరమ్మ ఒళ్ళో పడుకుని జ్వరం పోగొట్టుకున్న పిల్ల.

“రా పిన్నీ, కూర్చో. అమ్మ చలికోటు పెట్టుకోమంటుంది. అక్కడంతా ఎండేనట. నువ్వే చెప్పు ఆవిడకు.”

“పెట్టుకోవే. ఎండ దేశంలో కూడా జ్వరం వస్తుంది.”

“ఇద్దరూ ఇద్దరే!” పిల్ల నవ్వి చొక్కా చుట్ట చేతిలో పట్టుకునే ఆగింది. గొంతు తగ్గించింది. “పిన్నీ, ఒకటి అడుగుతాను. నవ్వకూడదు. నాకు రెండు రోజుల నుంచి నిద్ర పట్టడం లేదు. ఆ దేశం సంగతులు పేపర్లో ఏమైనా వచ్చాయా? పనివాళ్ళను బాగా చూడరని బస్సులో ఎవరో అన్నారు. అమ్మతో అంటే, ‘పేపరమ్మ రోజూ ఆ పేజీ వదలకుండా చదువుతుంది, అలాంటిదేమైనా ఉంటే మనకు చెప్పకుండా ఉంటుందా?’ అంది. అది విన్నాక కాస్త ధైర్యం వచ్చింది. అయినా నిన్నే అడుగుదామని.”

పేపరమ్మ చదవనిది కూడా ఒక వార్తగా వీళ్ళ ఇంటికి చేరింది. అంతా క్షేమం అన్న వార్త. దాన్ని ఈ ఇంట్లో నమ్మారు, పెట్టె కొన్నారు, చొక్కాలు చుట్టారు.

“ఏమీ రాలేదు,” అంది.

తన గొంతు అంత గుండ్రంగా, అంత స్పష్టంగా పలుకుతుందని ఆమె అనుకోలేదు.

“హమ్మయ్య,” అంది పిల్ల. చుట్టను పెట్టె మూలలో దూర్చి అరచేత్తో అదిమింది. పిడులక్క బిందెతో లోపలికి వచ్చింది. టీ పెడతానంది. పేపరమ్మ తల నొప్పిగా ఉందని చెప్పి లేచింది. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

ఇంటికి వచ్చేసరికి కూతురు అప్పటికే వచ్చి, కంచం ముందు పెట్టుకుని పాత పేపరు చదువుతోంది. కార్ఖానాలో చదివిన పేపర్లు ఇంటికి తెచ్చుకోవడం పేపరమ్మ హక్కు. అటకల్లో పరచడానికి పనికొస్తాయి.

“అమ్మా, బుధవారం పేపర్లో మేడల దేశం సంగతి చూశావా?”

పేపరమ్మ చెప్పులు విడుస్తోంది. ఒక చెప్పు విడిచి రెండోది అలాగే ఉంచుకుని నిలబడింది. “చూశాను.”

“గదిలో చదివావు కదా?”

“చదవకుండా ఎలా ఉంటాను? నా పని అదే కదా.”

“మరి రేపు వెళ్ళాల్సిన అక్క?”

“అక్క... వెళుతోంది.”

కూతురు పేపరు మడిచి పక్కన పెట్టింది. “విని కూడా వెళుతోందంటే, దానిష్టం. తెలిసి వెళ్ళడం వేరు. కనీసం ఎవరికి ఫోను చెయ్యాలో, ఏ కాగితం వదలకూడదో చూసుకుంటుంది.” లేచి వెళ్ళి కంచం కడిగింది. తిరిగి వస్తూ తల్లి భుజం మీద చేయి వేసింది. “నీకెంత కష్టంగా ఉండి ఉంటుందో అమ్మా. పిల్లి అరిస్తేనే హడలిపోతావు. అంతమందిలో, అక్క వాళ్ళమ్మ ముందర అది చదివావంటే, నిన్ను మెచ్చుకోవాలి.”

ఆ చేయి భుజం మీద ఉన్నంతసేపూ పేపరమ్మ కదల్లేదు. కూతురు ఇవాళ క్షేమంగా ఇంట్లో ఉంది. కంచం కడిగింది. తలుపుకు గడియ లోపల నుంచి వేసింది. బయట నుంచి ఎవరూ తాళం వెయ్యలేదు. ఈ క్షేమం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి గుమ్మం చూపిస్తే వచ్చిందో ఆమెకు తెలుసు. అన్నం ముందు కూర్చుంది. కూతురు మంచినీళ్ళు తేవడానికి లేచినప్పుడు, ఆ పాత పేపరును చిన్నగా మడిచి సంచీలో పెట్టుకుంది.

*

శనివారం పిడులక్క పనికి రాదనుకున్నారు. వచ్చింది. మధ్యాహ్నం వరకు చేసి పోతానంది, ఇంట్లో కూర్చుంటే చేతులు ఊరుకోవట.

టీ అయింది. గలగల ఎప్పటిలాగే, “కచేరీ మొదలుపెట్టు,” అంది. పేపరమ్మ ముక్కాలి పీట మీద కూర్చుంది. ఆనాటి పేపరు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద సంచీలోని పేపరు తీసి విప్పింది. మడతలు పడి అక్షరాలు అక్కడక్కడ చెరిగాయి.

“లోకంలో మనుషులు,” అని మొదలుపెట్టింది.

“ఇవాళ శనివారం కదా?” అంది గలగల. “ఏడుపు మనకు బుధవారం కోటా.”

“ఊరుకోవే,” అంది పెద్దమ్మ.

పేపరమ్మ చదివింది. కన్ను ముందుకు పోకుండా పట్టుకుని, నోరు ఎక్కడుందో అక్కడే ఉంచుకుని చదివింది. దేశం పేరు రాగానే కిటికీ వైపు సూదులు ఆగాయి. పాస్‌పోర్టు దగ్గరకు వచ్చేసరికి టోపీలు తొడిగే చప్పుడు ఆగింది. తలుపు దగ్గర నుంచి మాత్రం పిడి తిప్పే కిరకిర వినబడుతూనే ఉంది. తాళం. ఫోను. దొంగతనం కేసు. కిటికీ నుంచి దూకిన పిల్ల దగ్గర ఆగి, మళ్ళీ ఆ వాక్యం మొదటి నుంచి చదివింది. ఎవరి పేరూ లేదు, వయసు మాత్రమే ఉంది. అదీ చదివింది.

గొడుగుల వెనక ఎవరి మొహం ఎలా ఉందో ఆమెకు కనబడటం లేదు. అలా కనబడకపోవడమే ఆమెను భయపెట్టింది.

“ఇది ఏ రోజు పేపరు?” అంది పెద్దమ్మ.

“బుధవారంది.”

“బుధవారం అయిపోయిందన్నావు.”

“అన్నానమ్మా. దాటేశాను.”

“దాటేశావా!” గలగల సగం లేచింది. “నీ వాటా గొడుగులు మేము కుట్టేది నువ్వు దాటెయ్యడానికా? ఇంకేమేం దాటేశావు? మా తమ్ముడు ఉన్న ఊళ్ళో గొడవలైనప్పుడు కూడా దాటేశావా?”

పేపరమ్మ అప్పుడూ ఒకటి దాటేసింది. ఇంకా కొన్ని ఉన్నాయి. ఒక్కోటీ ఎవరో ఒకరి మొహం చూసి, జాలిపడి దాటేసినవే అని ఇన్నాళ్ళూ అనుకుంది.

తలుపు దగ్గర పిడి తిప్పే చప్పుడు ఆగింది. పిడులక్క ఒళ్ళోని గొడుగును మూసింది. మూసి, గుడ్డ మడతలు సరిచేసి, పట్టీ చుట్టి, గుండీ పెట్టింది. పూర్తయిన వాటి పక్కన ఆనించింది. అప్పుడు కనబడింది మొహం. పేపరమ్మ అనుకున్నట్టు అందులో కోపం లేదు. అది చూసి ఆమెకు ఇంకా భయం వేసింది.

“నాకు తెలుసు,” అంది పిడులక్క.

“ఏం తెలుసక్కా?”

“ఏదో దాటావని. ఇన్నేళ్ళుగా నీ గొంతు వింటున్నాను. నువ్వు దాటేముందు ఒక గుక్క మింగుతావు. ఆ తర్వాత మరీ హుషారుగా చదువుతావు. మబ్బులు రెండుసార్లు చదివావు కదే. మబ్బుల కోసం అంత హుషారు ఎవరికుంటుంది?”

“మరి అడగలేదేం?”

పిడులక్క అరచేతులు చూసుకుంది. మేకులు బిగించి బిగించి బొటనవేళ్ళు పక్కకు వంగి ఉంటాయి ఆవిడకు.

“అడిగితే నువ్వు చదువుతావని.”

ఆ మాట మెల్లగానే అంది. కిటికీ దగ్గర దాకా అందరికీ వినబడింది. సగం లేచిన గలగల అలాగే కూర్చుండిపోయింది.

“చదివితే దాన్ని ఆపాలి. ఆపితే ఇంట్లో రోజూ పనిలేని పిల్ల దిగులు ముఖం చూడాలి. అందుకని, పేపరమ్మ చదవలేదంటే ఏమీ లేదనే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పిల్లకూ అదే చెప్పాను. నీ పేరు పెట్టి చెప్పాను.” ఆవిడ లేచి నిలబడింది. మోకాళ్ళ మీది దారపు పోగులు దులుపుకుంది. “లే. మేస్త్రికి చెప్పి వస్తాను. ఇద్దరం పోదాం.”

“ఎక్కడికి?”

“ఇంకెక్కడికే, మా పిల్ల దగ్గరికి! నేను చెబితే అమ్మకు చివరి నిమిషంలో బెంగ పట్టిందంటుంది. నువ్వు చదివితే వార్త అంటుంది. ఆ కాగితం తీసుకో.”

*

పిల్ల తల తడుపుకుని, తువ్వాలుతో తుడుచుకుంటూ తలుపు తీసింది. పనివేళలో ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఉండటం చూసి, “ఏమైంది? ఎవరికి?” అంది.

“ఎవరికీ ఏం కాలేదు. కూర్చో,” అంది తల్లి. “పిన్ని ఒకటి చదువుతుంది. అడ్డు రాకుండా విను.”

నీలం పెట్టె ఇప్పుడు మూసి, తాళం వేసి, గోడ పక్కన నిలబెట్టి ఉంది. పిల్ల మంచం అంచున కూర్చుంది. పేపరమ్మ నిలబడే చదివింది. కార్ఖానాలో గది నిండా మనుషులకు చదివే గొంతు ఈ చిన్న గదిలో పెద్దదిగా వినబడింది. తగ్గించుకుని చదివింది. పిల్ల తువ్వాలు భుజం మీదికి జారింది, జుట్టు నుంచి నీళ్ళు చొక్కా మీద పడుతున్నాయి, తుడుచుకోలేదు.

అయిపోయింది. పిల్ల చేయి చాచి పేపరు తీసుకుని పైన తేదీ చూసింది.

“నిన్న ఏమీ రాలేదన్నావు.”

“అన్నాను.”

“అప్పటికే చదివి ఉన్నావా?”

“ఊఁ.”

పిల్ల పేపరు మంచం మీద పెట్టింది. అరిచి ఉంటే బాగుండేది, ఏడ్చినా బాగుండేది అనుకుంది పేపరమ్మ. ఆ పిల్ల ఏదో లెక్క సరిచూస్తున్నదానిలా కళ్ళు చిట్లించి గోడకేసి చూసింది. అటు చూస్తూనే అడిగింది.

“ఏజెంటు మొదట మీ ఇంటికే వచ్చాడట కదా. మీ అమ్మాయిని ఎందుకు పంపలేదు పిన్నీ?”

పేపరులో అయితే కింద ఇంకో వార్త ఉంటుంది. కన్ను దాని మీదికి పోతుంది, నోరు దాని వెనక పోతుంది. ఇక్కడ కింద ఏమీ లేదు.

“భయమేసింది.”

“మరి మా ఇల్లు ఎందుకు చూపించావు?”

పిడులక్క కూతురి వైపు చూసింది, పేపరమ్మ వైపు చూసింది. చల్లని చేయి అన్న మనిషి ఆవిడే. ఈ ప్రశ్న ఆవిడకు ఇంతవరకు తట్టలేదని ఆ చూపులో తెలుస్తోంది.

“వాడు మా గుమ్మం దిగితే చాలనుకున్నాను,” అంది పేపరమ్మ. “అంతకన్నా ఏమీ అనుకోలేదు. మీ గురించి అనుకోనే లేదు.”

బయట వీధిలో ఎవరో నీళ్ళ బండి తోసుకుపోతున్నారు. ఆ చప్పుడు దూరమయ్యాక పిల్ల లేచి ఫోను తీసింది. నంబరు నొక్కి, అందరికీ వినబడేలా పెట్టి, పెట్టె మీద ఉంచింది.

“ఆఁ, చెప్పమ్మా, సర్దుకున్నావా?” అన్నాడు ఏజెంటు. హుషారైన గొంతు. “అయిదింటికి బండి వస్తుంది.”

“అన్నా, చిన్న సంగతి. నా పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంది కదా. అక్కడ దిగాక ఎవరి దగ్గర ఉంటుంది?”

“అది నీకెందుకమ్మా బరువు? ఇంటివాళ్ళే భద్రంగా పెడతారు. అక్కడ అందరికీ అంతే.”

“ఫోను నా దగ్గరే ఉంటుందా?”

“అబ్బా, మొదట వెళ్ళి పని చూసుకో తల్లీ, ఫోన్లదేముంది. నీకెవరు నూరిపోశారు ఇవన్నీ?”

పిల్ల పేపరు వంక చూసింది. “ఎవరూ నూరిపోయలేదు. అసలు చెప్పనేలేదు,” అంది. “ఇవాళ నేను రావడం లేదు. బండి పంపకండి. నా పాస్‌పోర్టు నేనే వచ్చి తీసుకుంటాను.”

అవతల గొంతు మారింది. టిక్కెట్టు అన్నాడు, మాటిచ్చావన్నాడు, మీ అమ్మను పిలువు అన్నాడు. పిడులక్క ముందుకు వంగి, పిడి బిగించినంత గట్టిగా బొటనవేలితో నొక్కి ఫోను కట్టేసింది. తర్వాత మంచం మీద కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుని, ఇంతసేపూ ఆపుకున్నది బయటపెట్టింది. అది ఏడుపో, ఊపిరో పేపరమ్మకు తెలియలేదు. దగ్గరికి వెళ్ళబోయి, ఎక్కడ చేయి వెయ్యాలో తెలియక ఆగిపోయింది. ఆవిడ భుజం మీద వెయ్యడానికి ఆ చేయి ఇవాళ పైకి లేవలేదు.

పిల్ల తన తల్లి పక్కన ఒక్క నిమిషం కూర్చుంది. తర్వాత లేచి తడిజుట్టు ముడేసుకుంది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, వెనక్కి తిరక్కుండానే అంది.

“మీరు కూడా రండి పిన్నీ. వాడు ఏవో కాగితాలు చూపించి సంతకం పెట్టమంటాడు. అమ్మకు చదవడం రాదు. నాకు కోపంలో అక్షరాలు కనబడవు. మీరు చదవాలి.”

మాటలు వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల ఆమెను ‘మీరు’ అని ఎరగదు.

“చదువుతాను,” అంది పేపరమ్మ.

“మొత్తం చదవాలి.”

“మొత్తం చదువుతానమ్మా.”

పిల్ల తన తల్లి చేయి పట్టుకుని మెట్లు దిగింది. పేపరమ్మ మంచం మీది పేపరు తీసి మడిచి సంచీలో పెట్టుకుని, వాళ్ళకు నాలుగడుగుల వెనకగా నడిచింది.